దారి తెరిచి ఉన్నప్పుడే బయల్దేరాలి

2015 జులై 29న లిబియాలోని సిర్తే విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న నలుగురు భారతీయులు ఇంటికి బయల్దేరారు. ట్రిపోలీ చేరి, అక్కడి నుంచి ట్యునీషియా రాజధాని ట్యూనిస్ మీదుగా ఇండియాకు రావాలన్నది వాళ్ల ఆలోచన. సిర్తే నుంచి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఒక చెక్‌పోస్టు దగ్గర సాయుధులు వాళ్లను ఆపి పట్టుకుపోయారు. అప్పటికే సిర్తే ఇస్లామిక్ స్టేట్ గుప్పిట్లోకి వెళ్లిపోయింది. నలుగురిలో ఇద్దరు కర్ణాటక వాళ్లు. రెండు రోజుల్లోనే విడుదలయ్యారు. మిగతా ఇద్దరూ తెలుగువాళ్లు. వాళ్లకు విముక్తి దొరికింది 2016 సెప్టెంబరులో, పదమూడు నెలలు దాటాక.

ఈ సంఘటనలో గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఊరు మిలిటెంట్ల చేతికి వెళ్లినా వాళ్లు రోజూ పనికి వెళ్లొస్తూ నెట్టుకొచ్చారు. ప్రాణం మీదికి వచ్చింది మాత్రం ఇంటికి బయల్దేరిన రోజున, రోడ్డు మీద. ప్రమాదకరమైన దేశం అనగానే టీవీలో చూసిన బాంబులు, కూలిన భవనాలు కళ్ల ముందు మెదులుతాయి. గత పదీ పన్నెండేళ్లలో మనవాళ్లు చిక్కుకున్న లిబియా, ఇరాక్, యెమెన్, ఉక్రెయిన్, సూడాన్ సంఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం వేరే రెండు విషయాలు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. ఎక్కువ మంది ఇబ్బంది పడింది ఒక చోటు నుంచి ఇంకో చోటికి వెళ్లేటప్పుడు. అలా వెళ్లాల్సి రావడానికి కారణం, వెళ్లిపోవడానికి వీలున్న రోజుల్లో వెళ్లకపోవడం.

అలాంటి దేశాలకు వెళ్లకుండా ఉంటే సరిపోతుంది కదా అనడం సులువే. కానీ తెలుగు నేల నుంచి వెళ్లేవాళ్లలో సరదాకి వెళ్లేవాళ్లు చాలా తక్కువ. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి ఇరాక్‌లోని ఎర్బిల్‌కు కూలి పనికి వెళ్తారు. ఇజ్రాయెల్‌లో వృద్ధుల సంరక్షణ పనికి వెళ్తారు. ఎంబీబీఎస్ సీటు ఇక్కడ దొరక్క, దొరికినా ఫీజు కట్టలేక ఉక్రెయిన్ వెళ్లారు. హైదరాబాద్ పాతబస్తీ నుంచి ఏటా ఇరాక్‌లోని నజఫ్, కర్బలాలకు జియారత్‌కు, అంటే పుణ్యక్షేత్రాల దర్శనానికి వెళ్తారు. వీళ్లందరికీ వెళ్లడానికి గట్టి కారణమే ఉంది. కాబట్టి వీళ్లకు కావాల్సింది వెళ్లాక ఎలా ఉండాలి, ఎప్పుడు బయటపడాలి అన్న సమాచారం.

దేశం పేరు ఒక్కటే చూస్తే చాలదు

2014 జూన్ 10న ఇరాక్‌లో మోసుల్ నగరం ఇస్లామిక్ స్టేట్ వశమైంది. అక్కడ నిర్మాణ పనుల్లో ఉన్న 40 మంది భారతీయ కార్మికులను మిలిటెంట్లు పట్టుకున్నారు. ఒక్కడు తప్పించుకున్నాడు. మిగతా 39 మందీ చనిపోయారని అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ 2018 మార్చి 20న రాజ్యసభలో ప్రకటించారు. దాదాపు నాలుగేళ్ల పాటు ఆ కుటుంబాలు ఫోన్ మోగినప్పుడల్లా ఆశపడుతూ గడిపాయి.

మోసుల్‌కు ఎర్బిల్ రమారమి 80 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి భువనగిరి దాటి జనగామ వెళ్లినంత దూరం. ఆ 80 కిలోమీటర్ల అవతల, కుర్దుల పాలనలో ఉన్న ఎర్బిల్‌లో విమానాలు నడుస్తూనే ఉన్నాయి. తిక్రీత్ ఆసుపత్రిలో చిక్కుకున్న 46 మంది భారతీయ నర్సులను మిలిటెంట్లు మోసుల్‌కు తరలించి, చివరికి వదిలేస్తే, వాళ్లు స్వదేశానికి విమానం ఎక్కింది ఈ ఎర్బిల్‌లోనే. 2014 జులై 5న కొచ్చి చేరారు.

ఒకే దేశంలో, ఒకే నెలలో ఇంత తేడా. అందుకే ‘ఇరాక్ సేఫేనా?’ అన్న ప్రశ్నకు జవాబు దొరకదు. ఏ ఊరు, ఆ ఊరు ఎవరి అదుపులో ఉంది, ఎయిర్‌పోర్టు నుంచి పనిచేసే చోటికి దారి ఎవరెవరి ప్రాంతాల మీదుగా వెళ్తుంది, ఆ ఎయిర్‌పోర్టు మూతపడితే రెండో దారి ఏది? ఏజెంటును అడగాల్సిన ప్రశ్నలు ఇవి. జీతం ఎంత, ఓవర్‌టైమ్ ఎంత అని పదిసార్లు అడిగేవాళ్లు కూడా సైటు ఏ ఊళ్లో ఉందో అడగకుండా విమానం ఎక్కేస్తారు. మ్యాప్ తెరిచి ఆ ఊరి పేరు కొట్టి, దగ్గర్లోని సరిహద్దు ఎంత దూరమో చూడటానికి ఐదు నిమిషాలు పడుతుంది.

పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశం సంగతి కూడా ఇలాంటిదే. 2025 జులై 1న ఆ దేశానికి పశ్చిమాన ఉన్న కాయెస్ పట్టణంలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ మీద సాయుధులు దాడి చేసి ముగ్గురు భారతీయులను ఎత్తుకుపోయారు. మాలిలో జిహాదీల గొడవంతా ఉత్తరాన ఎడారిలోనే అనుకున్నవాళ్లు చాలామంది ఉండేవారు. నెలలు తిరక్కుండానే మిలిటెంట్లు ఇంధన ట్యాంకర్ల మీద దాడులు చేసి, రాజధాని బమాకోకు పెట్రోలు అందకుండా చేశారు. రోడ్డు దారిన పోవద్దు, విమానాలు నడుస్తుండగానే వెళ్లిపోండి అని అమెరికాతో సహా పలు దేశాలు తమ పౌరులకు చెప్పాయి. రెండేళ్ల కిందటి అనుభవంతో అక్కడున్న దూరపు బంధువు ‘ఇక్కడేం భయం లేదు, వచ్చేయ్’ అంటే ఆ మాటకు విలువ అంతంతమాత్రమే.

హెచ్చరిక చదవడం ఒక విద్య

రాయబార కార్యాలయాలు జారీ చేసే సూచనలను మనవాళ్లు పెద్దగా పట్టించుకోరు. ‘వాళ్లు ఎప్పుడూ అంతే అంటారు’ అని కొట్టిపారేస్తారు. నిజానికి ఆ సూచనల్లో ఒక్కో పదాన్నీ ఆచితూచి వాడతారు. ఏ రోజుకారోజు పదాలు ఎలా మారుతున్నాయో చూస్తే పరిస్థితి ఎటు పోతోందో అర్థమవుతుంది. ఉక్రెయిన్ విషయం కాస్త వివరంగా చూద్దాం.

2022 ఫిబ్రవరి 15న కీవ్‌లోని భారత రాయబార కార్యాలయం మొదటి సూచన ఇచ్చింది. అక్కడ ఉండటం తప్పనిసరి కానివాళ్లు, ముఖ్యంగా విద్యార్థులు, తాత్కాలికంగా దేశం విడిచి వెళ్లే విషయం ఆలోచించవచ్చు అని. ‘ఆలోచించవచ్చు’ అన్న మాట గమనించాలి. ఫిబ్రవరి 20న మాట మారింది. తప్పనిసరి కానివాళ్లూ, విద్యార్థులందరూ వెళ్లిపోవాలి, దొరికిన విమానాలు వాడుకోండి అన్నారు. ఫిబ్రవరి 22న ఇంకాస్త గట్టిగా చెప్పారు. ఆన్‌లైన్ క్లాసుల గురించి యూనివర్సిటీ నుంచి అధికారిక కబురు వచ్చేదాకా ఆగొద్దు, మీ క్షేమం కోసం బయల్దేరండి అని. ఫిబ్రవరి 24 తెల్లవారుజామున రష్యా దాడి మొదలైంది. గగనతలం మూసేశారు. విద్యార్థులను తీసుకురావడానికి ఢిల్లీ నుంచి కీవ్ బయల్దేరిన ఎయిర్ ఇండియా విమానం దారి మధ్యలోనే వెనక్కి తిరిగింది.

తొమ్మిది రోజులు. ‘ఆలోచించవచ్చు’ నుంచి ఆకాశం మూతపడటానికి మధ్య ఉన్న వ్యవధి అంతే.

మరి విద్యార్థులు ఎందుకు కదల్లేదు? వాళ్లను తప్పుపట్టడం అన్యాయం. హాజరు తగ్గితే ఏడాది పోతుందన్న భయం. కాలేజీలు ఆన్‌లైన్‌కు ఒప్పుకోలేదు. టికెట్ల ధరలు అమాంతం పెరిగాయి. ఇంట్లోవాళ్లు అప్పు చేసి చదివిస్తున్నారు, మళ్లీ టికెట్‌కు డబ్బులు అడగాలంటే మనసు ఒప్పుకోదు. పక్కన ఉన్న స్థానికులు యుద్ధం రాదంటున్నారు. ఇవన్నీ కలిసి ‘ఇంకో రెండు రోజులు చూద్దాం’ అనిపించాయి. సుమారు 22,500 మంది భారతీయులు చివరికి క్షేమంగా ఇల్లు చేరారు. అందుకు దౌత్య సిబ్బందినీ, పైలట్లనూ మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ మధ్యలో పిల్లలు పడిన కష్టం మాటల్లో చెప్పలేనిది. మార్చి 2న ఖార్కివ్‌లోని వాళ్లకు అర్జెంటుగా ఒక సూచన వచ్చింది. సాయంత్రం 6 గంటల్లోగా నగరం వదిలి పెసోచిన్, బబాయ్, బెజ్‌ల్యుడివ్కా అనే మూడు ఊళ్లలో ఏదో ఒక దానికి చేరుకోవాలి, వాహనం దొరక్కపోతే నడిచి వెళ్లాలి. దూరం 11, 12, 16 కిలోమీటర్లు. మంచు, చలి. భుజాన బ్యాగు. పది రోజుల ముందైతే అదే ప్రయాణం ట్యాక్సీలో ఎయిర్‌పోర్టుకు వెళ్లడంతో అయిపోయేది.

ఈ అనుభవం నుంచి తేల్చుకోవాల్సింది ఏమిటంటే, ‘తప్పనిసరి కానివాళ్లు’ అన్న పదం కనిపించిన రోజే తనకు ఆ మాట వర్తిస్తుందో లేదో ఎవరికి వాళ్లు తేల్చుకోవాలి. ‘అందుబాటులో ఉన్న విమానాల్లో’ అన్న పదం కనిపించిందంటే, రేపు ఆ విమానాలు ఉండకపోవచ్చని అధికారులు అనుకుంటున్నారని అర్థం. రాయబార కార్యాలయం తన సిబ్బంది కుటుంబాలను పంపించేస్తోందని తెలిస్తే ఇక వేరే సూచన అక్కర్లేదు. అమెరికా అన్ని దేశాలకూ 1 నుంచి 4 దాకా స్థాయిలు ఇస్తుంది. బ్రిటన్ ప్రాంతాల వారీగా మ్యాప్ గీసి రంగులు వేస్తుంది. మనకు ఇంత వివరంగా ఉండవు కాబట్టి ఆ రెండింటినీ కూడా చూడటంలో తప్పేమీ లేదు. ముఖ్యంగా బ్రిటన్ మ్యాప్‌లో ఏ రోడ్డు వరకు ఫర్వాలేదో కూడా తెలుస్తుంది.

యెమెన్‌లోనూ ఇదే కథ. వెళ్లిపొమ్మన్న హెచ్చరికలు 2015 ఆరంభం నుంచే వస్తున్నాయి. మార్చి చివర్లో సౌదీ వైమానిక దాడులు మొదలయ్యాక గానీ చాలామంది కదల్లేదు. ఏడెన్ రేవులో పోరాటం వల్ల భారత నౌక ఒడ్డుకు రాలేక సముద్రంలోనే ఆగితే, మనవాళ్లు చిన్న పడవల్లో వెళ్లి ఎక్కాల్సి వచ్చింది.

పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంది?

2014లో మోసుల్ పడిపోయినప్పుడు ఇరాక్‌కు దక్షిణాన నజఫ్‌లో వందల మంది భారతీయ కార్మికులు ఇంటికి వెళ్లిపోతామన్నా వెళ్లలేకపోయారు. కారణం ఏ మిలిటెంటూ కాదు. పాస్‌పోర్టులు యజమాని దగ్గర ఉన్నాయి, ఆయన ఇవ్వడం లేదు. గల్ఫ్ వెళ్లొచ్చిన ఇంట్లో ఎవరిని అడిగినా ఈ మాట కొత్తగా అనిపించదు. పాస్‌పోర్టు కంపెనీ తీసుకోవడం మామూలే అని అందరూ సర్దుకుపోతారు. మామూలు రోజుల్లో అది అవమానం మాత్రమే. గొడవలు మొదలైన రోజున అదే సంకెల అవుతుంది.

యజమాని దాన్ని తిరిగి ఇచ్చేలా చేయడం కార్మికుడి చేతిలో లేకపోవచ్చు. చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, వీసా, ఎంట్రీ స్టాంపు, పనిచేసే ఒప్పందం, అన్నీ ఫోటో తీసి ఫోన్‌లోనూ, ఇంట్లో ఇద్దరి దగ్గరా ఉంచాలి. జిరాక్స్ కాపీ ఒకటి చొక్కా జేబులో ఉండాలి. ఇవి ఉంటే అసలు పాస్‌పోర్టు లేకపోయినా రాయబార కార్యాలయం ఎమర్జెన్సీ సర్టిఫికెట్, అంటే ఇంటికి తిరిగి రావడానికి మాత్రమే పనికొచ్చే కాగితం, ఇవ్వడం తేలికవుతుంది. వీసా గడువు దాటకుండా చూసుకోవడం ఇంకా ముఖ్యం. గడువు దాటితే జరిమానా కట్టందే వెళ్లనివ్వని దేశాలు చాలా ఉన్నాయి. యుద్ధం వచ్చిందని ఆ జరిమానా మాఫీ అవుతుందన్న నమ్మకం లేదు.

విజిట్ వీసా మీద వెళ్లి పనిలో చేరడం మన పల్లెల్లో మామూలైపోయింది. పదో తరగతి పాసవ్వనివాళ్లు ఇరాక్, లిబియా, సూడాన్, యెమెన్ లాంటి దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ పద్ధతిలో వెళ్తే ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డుల్లో పేరు ఉంటుంది. 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా యోజన వర్తిస్తుంది. విజిట్ వీసా మీద వెళ్లినవాళ్ల పేరు ఎక్కడా ఉండదు. ఖాళీ చేయించే రోజున రాయబార కార్యాలయం దగ్గర ఉండే జాబితాలో లేని మనిషిని వెతకడం ఎవరి వల్లా కాదు. ఎవరు ఎలా వెళ్లినా సరే, దిగిన వారంలోగా రాయబార కార్యాలయం వెబ్‌సైటులో పేరు, ఉంటున్న చోటు, ఫోన్ నంబరు నమోదు చేయించుకోవాలి. ఇల్లు మారితే మళ్లీ చెప్పాలి.

ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకున్నాం కదా అనుకునేవాళ్లు పాలసీలో ‘వర్తించనివి’ అన్న పేజీ చదవాలి. యుద్ధం, అంతర్గత పోరు వల్ల జరిగే నష్టాన్ని చాలా పాలసీలు మినహాయిస్తాయి.

రోడ్డు మీద

సూడాన్‌లో 2023 ఏప్రిల్ 15 ఉదయం సైన్యానికీ, ఆర్‌ఎస్‌ఎఫ్ అనే పారామిలటరీ దళానికీ మధ్య పోరు మొదలైంది. మొదటి రోజే ఖార్టూమ్ ఎయిర్‌పోర్టు యుద్ధభూమి అయింది. బయల్దేరడానికి సిద్ధంగా ఉన్న సౌదీ ప్రయాణికుల విమానం మీద కూడా తూటాలు పడ్డాయి. ఇక మిగిలింది పోర్ట్ సూడాన్ రేవుకు 850 కిలోమీటర్ల ఎడారి రోడ్డు. పది రోజుల తర్వాత కాల్పుల విరమణ సందుల్లో బస్సులు కదిలాయి. ‘ఆపరేషన్ కావేరి’ కింద 3,862 మంది భారతీయులు బయటపడ్డారు. చాలామంది పోర్ట్ సూడాన్ నుంచి నేవీ ఓడల్లో జెడ్డా చేరారు. అంత దూరం పోలేని 121 మందిని ఖార్టూమ్‌కు ఉత్తరాన ఉన్న వాదీ సయ్యిద్‌నా అనే చోట దెబ్బతిన్న చిన్న రన్‌వే మీద, లైట్లు కూడా లేని రాత్రివేళ దిగిన వైమానిక దళ విమానం తీసుకొచ్చింది.

అలాంటి రోడ్డు మీద చెక్‌పోస్టు కనిపించినప్పుడు ఏం చేయాలి అన్నది ఎక్కడో ఒక పేరాలో చెప్పి వదిలేసే విషయం కాదు. అక్కడ తుపాకీ పట్టుకున్న కుర్రాడికి పంతొమ్మిదేళ్లో ఇరవయ్యేళ్లో ఉంటాయి. నిద్ర ఉండదు. ఎదురొచ్చే ప్రతి బండిలో బాంబు ఉందేమో అన్న టెన్షన్ వాడిది. కాబట్టి వాడి భయం తగ్గించడమే బండిలో ఉన్నవాళ్ల పని. దూరం నుంచే వేగం తగ్గించాలి. రాత్రయితే హెడ్‌లైట్లు డిమ్ చేసి, లోపలి లైటు వేయాలి, ఎంతమంది ఉన్నారో కనిపించాలి. అద్దాలు దించాలి. చేతులు ఒళ్లో గానీ ముందు సీటు మీద గానీ కనిపించేలా పెట్టాలి. ఫోన్ ఎవరి చేతిలోనూ ఉండకూడదు. వీడియో తీస్తున్నారనో, ఎవరికో సమాచారం ఇస్తున్నారనో అనుమానం వస్తే అక్కడితో కథ మారిపోతుంది. మాట్లాడేది డ్రైవరే. కాగితాలు అడిగితే ‘జేబులోంచి తీస్తున్నాను’ అని చెప్పి, నెమ్మదిగా తీయాలి. వాచీ అడిగినా, డబ్బు అడిగినా ఇచ్చేయడమే. న్యాయం మాట్లాడే చోటు కాదది. మన భాషలో మనలో మనం గుసగుసలాడుకోవడం కూడా మానుకోవాలి, వాళ్లకు అర్థంకాని మాట వాళ్లకు కుట్రలాగే వినిపిస్తుంది.

వెళ్లే దారి గురించి ఆ ఉదయం అటునుంచి వచ్చిన డ్రైవర్లను అడగాలి, నిన్నటి కబురు పనికిరాదు. చీకటి పడ్డాక ప్రయాణం పెట్టుకోకూడదు. ట్యాంకు సగానికి తగ్గనివ్వకూడదు. ఒక్క బండిలో కాకుండా రెండు బండ్లు కలిసి వెళ్తే ఒకటి చెడిపోయినా నడిరోడ్డు మీద నిలబడాల్సిన పని ఉండదు. ఒకే ఊళ్లో నెలల తరబడి ఉండేవాళ్లకు ఇంకొకటి. రోజూ అదే వేళకు, అదే బండిలో, అదే రోడ్డున వెళ్లడం ఎత్తుకుపోయేవాళ్లకు మనమే టైమ్‌టేబుల్ ఇచ్చినట్టు. వాళ్లు దాడి చేసే ముందు కొన్నాళ్లు కాపు కాస్తారు. పని వేళలు మార్చడం మన చేతిలో లేకపోతే కనీసం దారైనా మార్చాలి. కంపెనీ బండి మీద పెద్దక్షరాల పేరు, నంబరు లేకుండా చూడమని అడగాలి.

డబ్బు సంగతి క్లుప్తంగా. గొడవలు మొదలైతే బ్యాంకులు మూతపడతాయి, ఏటీఎంలు ఖాళీ అవుతాయి. మన యూపీఐ అక్కడ పనిచేయదు. అమెరికన్ డాలర్ల నగదు కొంత దగ్గరుండాలి. నోట్లు కొత్తవై ఉండాలి. మడతలు నలిగినా, పెన్నుతో ఏదైనా రాసి ఉన్నా, చిన్న చిరుగున్నా ఈ దేశాల్లో చాలాచోట్ల తీసుకోరు. డబ్బంతా ఒకేచోట పెట్టకుండా, దోపిడీదారు అడిగితే ఇచ్చేయడానికి పైజేబులో కొంత ఉంచుకోవాలి.

కిటికీ, గోడ, నీళ్లు

సూడాన్ పోరు మొదలైన రోజుల్లోనే ఖార్టూమ్‌లో ఒక మలయాళీ తూటా తగిలి చనిపోయారు. ఆయన బయట లేరు. ఇంట్లోనే, కిటికీ దగ్గర ఫోన్ మాట్లాడుతున్నారు. సిగ్నల్ కోసం కిటికీ దగ్గరికి వెళ్లడం ఎవరైనా చేసే పనే.

2020 ఆగస్టు 4న లెబనాన్ రాజధాని బేరూత్ రేవులో ముందు పొగ లేచింది. ఊరంతా కిటికీల దగ్గరా బాల్కనీల్లోనూ చేరి చూసింది, ఫోన్లలో తీసింది. తర్వాత అసలు పేలుడు జరిగింది. వేల మందికి గాజు పెంకులే గుచ్చుకున్నాయి. చప్పుడు వినగానే చూడటానికి పరుగెత్తడం మనిషి స్వభావం. దాన్ని ఆపుకోవాలంటే ముందు నుంచే అనుకుని ఉండాలి. ఉక్రెయిన్‌లో జనం ‘రెండు గోడల’ లెక్క పాటిస్తారు. బయటికీ తమకీ మధ్య కనీసం రెండు గోడలుండాలి. మొదటి గోడ పేలుడు దెబ్బ తింటుంది, రెండోది పెంకులను ఆపుతుంది. అపార్ట్‌మెంట్‌లో కిటికీల్లేని నడవా ఇందుకు పనికొస్తుంది. బంకరు దగ్గర్లో ఉంటే అదే మంచిది, కానీ మెట్లు దిగే టైమ్ లేనప్పుడు నడవాలో పడుకోవడం ప్రాణం కాపాడుతుంది.

పేలుడు జరిగిన చోటికి సాయం చేద్దామని పరుగెత్తడంలో ఇంకో ప్రమాదం ఉంది. హైదరాబాద్ వాళ్లకు ఇది కొత్త కాదు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బాంబు పేలిన కొద్ది నిమిషాల్లోనే దగ్గర్లోనే రెండోది పేలింది. బాగ్దాద్‌లో, కాబూల్‌లో జనం పోగయ్యేదాకా ఆగి రెండో బాంబు పేల్చడం ఒక పద్ధతిగానే సాగింది.

హోటల్లో దిగేవాళ్లు రెండో అంతస్తుకూ ఐదో అంతస్తుకూ మధ్య, రోడ్డు వైపు కాకుండా లోపలి వైపు గది అడగాలి. కింది అంతస్తులోకి చొరబడటం తేలిక. మరీ పైనైతే మంటలప్పుడు నిచ్చెన అందదు. గదిలోకి వెళ్లగానే మెట్లదారి ఎక్కడుందో, తమ తలుపు నుంచి ఎన్ని తలుపుల అవతలో ఒకసారి నడిచి లెక్కపెట్టుకోవాలి, పొగలో కళ్లు కనిపించవు.

ఇక నీళ్లు. ఖార్కివ్‌లో చనిపోయిన కర్ణాటక వైద్య విద్యార్థి తిండి సరుకుల కోసం బయటికి వెళ్లాడు. ఖార్టూమ్‌లో కరెంటు పోయి, కుళాయిలు ఆగిపోయి, దాహానికి తట్టుకోలేక బయటికి అడుగుపెట్టినవాళ్లు ఎందరో. ఇంట్లో వారం పది రోజులకు సరిపడా నీళ్లు, వండక్కర్లేని తిండి, రోజూ వేసుకునే బీపీ, షుగర్ మాత్రలు ఉంటే ఆ వారం పది రోజులూ బయటికి పోకుండా ఉండొచ్చు. అటుకులు, మరమరాలు, వేయించిన పల్లీలు, బెల్లం చాలు. నానబెట్టుకుంటే సరిపోయే అటుకుల్లాంటిది ఇంకోటి లేదు.

జనంలో తప్పిపోతే

జియారత్‌కు వెళ్లేవాళ్ల పరిస్థితి వేరు. ఇమామ్ హుస్సేన్ స్మారకంగా జరిగే అర్బయీన్ సమయంలో నజఫ్ నుంచి కర్బలాకు సుమారు 80 కిలోమీటర్లు లక్షల మంది నడుస్తారు. ఫోన్ నెట్‌వర్క్ అందదు. ఆ దారి పొడవునా 1,452 స్తంభాలకు నంబర్లు వేసి ఉంటాయి. యాత్రికులు వాటిని అమూద్ అంటారు. ‘అమూద్ 500 దగ్గర ఆగుదాం’ అని పొద్దున బయల్దేరేటప్పుడే ఇంట్లోవాళ్లంతా అనుకుంటే, పెద్దావిడ తప్పిపోయినా అడుగుతూ అడుగుతూ ఆ స్తంభం దగ్గరికే వచ్చేస్తుంది. దానికి ఫోనూ అక్కర్లేదు, అరబ్బీ రావాల్సిన పనీ లేదు. ఏ దేశంలోనైనా పాటించదగిన పద్ధతి ఇది. ఫోన్లు పనిచేయకపోతే కలిసే చోటు ఏది, అక్కడ కుదరకపోతే రెండోది ఏది అన్నది ముందే తేల్చుకోవడం.

జనంలో బాంబు కంటే పుకారు ఎక్కువ మందిని చంపిన రోజు కూడా ఉంది. 2005 ఆగస్టు 31న బాగ్దాద్‌లో అల్ అయిమ్మా వంతెన మీద యాత్రికులు కిక్కిరిసి ఉండగా, ఆత్మాహుతి బాంబర్ ఉన్నాడని ఎవరో అరిచారు. తొక్కిసలాటలో, టైగ్రిస్ నదిలో పడి వెయ్యి మంది దాకా చనిపోయారు. అక్కడ బాంబే లేదు. అందుకే వంతెనలు, ఇరుకు గేట్లు, గుడారాల సందులు దాటేటప్పుడు మధ్యలో కాకుండా ఒక అంచున నడవాలి. అరుపులు వినిపిస్తే జనం పరుగెత్తే దిక్కుకు అడ్డంగా, పక్కకు జరిగి గోడనో స్తంభాన్నో ఆనుకోవాలి.

ఇంట్లోవాళ్ల పని

అక్కడున్న మనిషి క్షేమం సగం ఇక్కడున్నవాళ్ల చేతుల్లో ఉంటుంది. 2025 జూన్‌లో ఇరాన్‌లో ఇంటర్నెట్ ఆపేసినప్పుడు వాట్సాప్ మీదే ఆధారపడిన కుటుంబాలు అల్లాడిపోయాయి. మామూలు ఫోన్ కాల్‌కు అక్కడి నుంచి ఎంత బ్యాలెన్స్ కావాలో, ఇక్కడి ఏ నంబరు గుర్తుందో ముందే చూసుకుని ఉండాలి. రోజుకు ఒకసారి, ఒకే వేళకు పలకరింపు చాలు. ‘రాత్రి 8కి మెసేజ్ రాకపోతే 10 దాకా చూసి, ఆ తర్వాత ఫలానా నంబరుకు ఫోన్ చెయ్యి’ అని అనుకుంటే ఇద్దరికీ టెన్షన్ తగ్గుతుంది, ఫోన్‌లో చార్జింగ్ కూడా మిగులుతుంది.

పొద్దస్తమానం ‘ఎలా ఉన్నావు, టీవీలో ఇలా చూపిస్తున్నారు’ అని ఫోన్ చేస్తూ ఉంటే అవతలి మనిషి కిటికీ దగ్గరే నిలబడాల్సి వస్తుంది. వాళ్లు పంపిన ఫోటోలు, ఉన్న చోటు స్టేటస్‌లో పెట్టకూడదు. ఎవరైనా బందీలైతే పేరు, జీతం, ఇంటి ఆస్తి వివరాలు మైకుల ముందు చెప్పకూడదు. ఎత్తుకుపోయినవాళ్లకు కూడా యూట్యూబ్ ఉంది, ఆ కుటుంబం ఎంత ఇవ్వగలదో లెక్కలు అక్కడి నుంచే వేస్తారు. డబ్బు అడుగుతూ ఫోన్ వస్తే, ఆ మనిషికి మాత్రమే తెలిసిన ప్రశ్న ఒకటి అడగాలి. చిన్నప్పుడు పెంచిన కుక్క పేరో, అమ్మమ్మ వాళ్ల ఊళ్లో చెరువు పేరో. బందీ బతికే ఉన్నట్టు తెలిసేది ఆ జవాబుతోనే. ఆ ఫోన్ వచ్చిన టైమ్, విన్న ప్రతి మాటా రాసి పోలీసులకూ, విదేశాంగ శాఖకూ ఇవ్వాలి. ఆ శాఖ నడిపే మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెడితే నంబరు వస్తుంది, ఆ నంబరుతో ఎంపీ ఆఫీసు నుంచి కూడా అడిగించవచ్చు.

వెళ్లేముందు రోజు రాత్రి సూట్‌కేసు సర్దడం అయ్యాక, ఒక తెల్ల కాగితం తీసుకుని రాయాల్సినవి కొన్ని ఉన్నాయి. పేరు, బ్లడ్ గ్రూప్, వేసుకునే మందులు, పాస్‌పోర్టు నంబరు. అక్కడి భారత రాయబార కార్యాలయం ఎమర్జెన్సీ నంబరు. కంపెనీలోనో కాలేజీలోనో ఒక మనిషి నంబరు. ఇంటి నంబర్లు రెండు. ఇవే వివరాలు కింద అక్కడి భాషలో కూడా ఉంటే మంచిది, దిగాక ఎవరితోనైనా రాయించుకోవచ్చు. రెండు కాపీలు. ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి వెళ్లే మనిషి జేబులో, ఇంకొకటి ఇంట్లో, రాత్రి రెండింటికి లేపినా చేతికి అందే చోట.